దండ పడేదాకా ఈత

మా మునిసిపల్ ఈతకొలను గోడ మీద మూడు నిబంధనలు రాసి ఉంటాయి. చెప్పులు బయట విడువవలెను. నీటిలో ఉమ్మరాదు. ముఖ్య అతిథి మెడలో దండ పడువరకు పోటీ ముగిసినట్లు కాదు. మొదటి రెండూ ఎవరూ పాటించరు. మూడోది పాటించకపోతే మాత్రం నేను ఊరుకోను, ఎందుకంటే దాన్ని తీర్మానించిన కమిటీలో నేనూ చెయ్యెత్తాను.

నా పేరు సత్యానందం. జిల్లా జలక్రీడల సంఘానికి సంయుక్త కార్యదర్శిని. సంయుక్తం అంటే ఏమిటని అడక్కండి, మైకు నా చేతిలో ఉంటుంది, అంతే. నాకు ఈత రాదు. మా కార్యదర్శి ముక్కామల విశ్వపతి గారికీ రాదు. ఈత వచ్చినవాళ్ళని సంఘంలో పెడితే వాళ్ళు పొద్దస్తమానం నీళ్ళలోనే ఉంటారు, సంఘాన్ని ఎవరు చూసుకుంటారు చెప్పండి.

ఆ మూడో నిబంధన ఊరికే పుట్టలేదు. అంతకుముందు ఏడాది పోటీలకు మా వార్డు పెద్దమనిషి ఒకాయన్ని ముఖ్య అతిథిగా పిలిచాం. పదింటికి రమ్మంటే పన్నెండున్నరకు వచ్చారు. మర్యాదస్థుడు గనక అంత త్వరగా వచ్చారు. వచ్చేసరికి పోటీలు అయిపోయి పిల్లలు తలలు తుడుచుకుని సమోసాలు తింటున్నారు. ఆయన ముఖం మాడిపోయింది. “నేను లేకుండానే గెలిచేశారా?” అని అడిగి, ప్రసంగం చెయ్యకుండా వెళ్ళిపోయారు. ప్రసంగం లోపలే ఉండిపోయిన నాయకుడు ఎంత ప్రమాదమో మాకు తర్వాత తెలిసింది. కొలను మోటారు బాగుచేయించాల్సిన కాగితం ఆయన బల్ల మీద ఎండాకాలమంతా పడుకుంది. నీళ్ళు గోంగూర పులుసు రంగుకు తిరిగాయి.

విశ్వపతి గారు అత్యవసర సమావేశం పెట్టారు. అతిథి వచ్చాకే పోటీ మొదలెడదామని ఒకరన్నారు. అదీ ఒకసారి చేసి చూశాం. పిల్లలు లాగుల్లో గట్టు మీద గంటల తరబడి వణికి జ్వరాలు తెచ్చుకున్నారు, తల్లులు మా మీదకు వచ్చారు. అతిథినే వేళకు రమ్మందామని కుర్రకారు సభ్యుడొకడు అన్నాడు. గదిలో అందరూ నేల చూపులు చూశారు. విశ్వపతి గారు కళ్ళజోడు తీసి, “అసాధ్యములైన అంశములను తీర్మానించరాదని మన నిబంధనావళి చెబుతున్నది” అన్నారు. అలా చెబుతుందో లేదో ఎవరికీ తెలియదు, నిబంధనావళి ఉన్న బీరువా తాళం పోయి చాలాకాలమైంది.

అప్పుడు ఆయనే దారి చూపించారు. “పోటీ సకాలంలో ప్రారంభమగును. అతిథి వారు విచ్చేసి, వారి మెడలో పుష్పమాల అలంకృతమగు వరకు కొనసాగును. అప్పటికి నీటిలో ఎవరు మిగిలి ఉందురో, పలువురు మిగిలినచో ఎవరు ముందుందురో, వారే విజేత.” పిల్లలకు జ్వరం రాదు, అతిథికి కోపం రాదు. నాకైతే ఆ మాటకు ఒళ్ళు పులకరించింది. చెయ్యెత్తేశాను.

ఆ నిబంధన కింద జరిగిన మొదటి పోటీలోనే చోడిపిల్లి నూకరత్నం మాకు దొరికింది. పద్నాలుగేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ అప్పయమ్మ కొలను గేటు దగ్గర ఇడ్లీ బండి నడుపుతుంది. పిల్ల యాభై మీటర్ల పందెంలో దిగింది. మా కొలనులో యాభై మీటర్లంటే అటొకసారి, ఇటొకసారి. అందరికంటే ముందు వచ్చి గోడ ముట్టుకుని, నీళ్ళు కారుతున్న మొహంతో నవ్వుతూ పైకి చూసింది. విశ్వపతి గారు గడియారం చూసుకుని, చేత్తో ఇంకా తిరగమన్నట్టు గాల్లో సున్నా చుట్టారు.

పిల్ల నవ్వు ఆగింది. అయినా తిరిగింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ సున్నా. మిగతా పిల్లలు ఒక్కొక్కరే గట్టెక్కి తల్లుల దగ్గరకు పోయారు. అతిథి గారు వచ్చేసరికి కొలనులో రత్నం ఒక్కతే ఉంది. కాళ్ళాడిస్తోంది, చేతులాడిస్తోంది, మొహం మాత్రం కనపడ్డం లేదు. యాభై మీటర్లకు దిగిన పిల్ల ఆ రోజు ఎంత దూరం ఈదిందో ఎవరూ లెక్కపెట్టలేదు. నేను మాత్రం మైకులో, “మన జిల్లాకు దూరపు ఈతలో ఆణిముత్యం దొరికింది” అని ప్రకటించాను. అంతవరకూ మా జిల్లాలో దూరపు ఈత అనే పోటీయే లేదు.

మర్నాడు అప్పయమ్మ మా ఆఫీసు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“ఏటండీ ఇది కార్యదర్శి గారూ. నా కూతురు మినప్పప్పేటండీ, ఎవరో వచ్చేదాకా నానబెట్టడానికి?”

“అమ్మా, ఇది క్రీడాస్ఫూర్తికి సంబంధించిన విషయం” అన్నారు విశ్వపతి గారు.

“దాని వేళ్ళు చూడండి ఎలా ముడతలు పడిపోయాయో. మా అత్త చేతుల్లా ఉన్నాయి.”

“ఆ ముడతలే రేపు దేశానికి గర్వకారణం అవుతాయి.”

అప్పయమ్మ నా వైపు చూసింది. నేను మైకు లేనప్పుడు మాట్లాడను. రత్నం తల్లి వెనక నిలబడి, “పర్లేదే అమ్మా. నాకు బాగానే ఉంది. నీళ్ళలో ఉంటే ఎవురూ ఏమీ అనరు” అంది. పిల్లకు నిజంగానే ఈత పిచ్చి. లేకపోతే మా సంఘాన్ని ఎవరు తట్టుకుంటారు.

ఆ తర్వాత నిబంధనకు చిన్న చిన్న చిక్కులు వచ్చాయి, అవన్నీ పరిష్కరించుకున్నాం. ఒకసారి అతిథి కారు గేట్లోకి వచ్చింది గాని ఆయన లోపలే కూర్చుని ఫోను మాట్లాడుతూ ఉండిపోయారు. వచ్చినట్టా, రానట్టా? విశ్వపతి గారు గట్టు మీదే తీర్పు చెప్పారు. “వాహన ప్రవేశము వేరు, అతిథి ఆగమనము వేరు. దండ పడనిదే రాక లేదు.” ఆ ఫోను అయ్యేలోపు ఇద్దరు మగపిల్లలకు కాళ్ళు పట్టేశాయి.

ఇంకోసారి రత్నం ఆకలికి నీరసించిపోతే అప్పయమ్మ గట్టు మీద కూర్చుని ఇడ్లీ ముక్క చేసి నోట్లో పెట్టింది. ఓడిపోయిన పిల్ల తండ్రి అభ్యంతరం చెప్పాడు. ఇడ్లీ ఆహారమా, బయటి సాయమా అని కమిటీ ఒక ఆదివారం కూర్చుంది. అప్పయమ్మే పంపిన రెండు వాయిలు తిన్నాక, ఇడ్లీ ఆహారమేనని ఏకగ్రీవంగా తేల్చింది. చట్నీ మాత్రం నీళ్ళు పాడుచేస్తుంది గనక నిషేధం.

పోటీల పేర్లు కూడా మారాయి. మీటర్లలో చెబితే ఎవరికీ అర్థం కాని రోజులు వచ్చాయి. వార్డు స్థాయి, జిల్లా స్థాయి, రాష్ట్ర స్థాయి అని అతిథి హోదాను బట్టి పెట్టాం. దీనివల్ల పిల్లల్లో లోకజ్ఞానం ఎంత పెరిగిందో చెప్పలేను. రిటైరైన హెడ్మాస్టర్లు చెప్పిన వేళకే వచ్చేస్తారని, వాళ్ళకైతే మొదట్నించీ దూకుడుగా పోవాలని పిల్లలకు తెలిసిపోయింది. పదవిలో ఉన్నవాళ్ళు ఆలస్యం, పదవి రాబోతున్నవాళ్ళు కాస్త త్వరగా, పదవి పోయినవాళ్ళు అందరికంటే ముందు. రత్నం పోటీకి ముందు నా దగ్గరకు వచ్చి, “ఎవరొస్తన్నారండి మాస్టారూ?” అని అడిగేది. పేరు చెప్తే తలూపి, దానికి తగ్గట్టు చేతులు విసిరేది. పెద్ద పేరైతే మెల్లగా, చిన్న పేరైతే జోరుగా. ఏ కోచ్ నేర్పుతాడు ఇంత విద్య.

ఏడాది తిరిగేసరికి రత్నానికి పదిహేనేళ్ళు వచ్చాయి, మా జిల్లాలో ఆ పిల్లకు ఎదురు లేదు. ఎదురు లేదంటే, మిగతా పిల్లలందరూ షటిల్ ఆటకు పోయారు. పేపర్లో ఫోటో పడింది. ఫోటోలో అతిథి గారు, విశ్వపతి గారు, నేను. వెనకాల నీళ్ళలో చుక్కలా కనపడేది రత్నం.

ఆ చుక్కను ఎక్కడో ఒకావిడ చూసింది. ఆవిడ పేరు హేమలత. ఒకప్పుడు తనే పెద్ద ఈతగత్తె, ఇప్పుడు జాతీయ శిక్షణ శిబిరానికి పిల్లల్ని ఎంపిక చేస్తుంది. మెడలో స్టాప్‌వాచ్ వేసుకుని మా ఆఫీసుకు వచ్చింది.

“ఈ అమ్మాయి పదిహేను వందల మీటర్లు ఎంతసేపట్లో ఈదుతుందండీ?”

విశ్వపతి గారు గర్వంగా కుర్చీలో వెనక్కి వాలారు. “మా దగ్గర మీటర్ల పద్ధతి లేదమ్మా. కాని ఈ అమ్మాయి రాష్ట్ర స్థాయి వరకు ఈదగలదు. కేంద్ర స్థాయి ఇంకా పరీక్షించలేదు.”

ఆవిడ నా వైపు తిరిగింది. అందరూ నా వైపే తిరుగుతారెందుకో. నేను కిటికీలోంచి కొలను గోడ చూపించి మూడో నిబంధన చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు గోడ వైపే చూసింది, తర్వాత మంచినీళ్ళు అడిగింది.

“చూడండి,” అంది నీళ్ళు తాగాక. “నాకు ఒకే ఒక్క పదిహేను వందలు కావాలి. మధ్యలో ఆగకుండా, నా వాచీలో, మీ సంఘం అధికారికంగా జరిపే పోటీలో. బాగుంటే శిబిరానికి తీసుకుపోతాను. ఈ ఏడాది దాటితే ఆ అమ్మాయి వయసు మా జాబితాకు దాటిపోతుంది.”

గేటు దగ్గర ఇడ్లీ బండికి ఆ మాట చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. అప్పయమ్మ ఆ సాయంత్రం కూతురికి జుట్టు దువ్వుతూ నా ఎదురుగానే అంది. “ఇదే ఆఖరుసారి. ఇప్పుడు తేలితే ఎల్లు. తేలకపోతే నాతో బండి కాడ నిలబడు. ఎవడో వచ్చేదాకా నువ్వు నీళ్ళలో, నేను గట్టు మీద, ఇంక నా వల్ల కాదే.” రత్నం కళ్ళు ఎర్రగా ఉన్నాయి, క్లోరిన్ వల్లే అనుకున్నాను.

సంఘం పోటీ అంటే అతిథి ఉండాలి. ఇక్కడ విశ్వపతి గారు చాలా తెలివిగా ఆలోచించారు. పదిహేను వందల మీటర్లు ముగిసేలోపు దండ పడితే పోటీ అక్కడే ఆగిపోతుంది, కాబట్టి ఎంత పెద్దవాణ్ణి పిలిస్తే అంత క్షేమం. చరిత్రలో ఎప్పుడూ, ఎక్కడా వేళకు రాని ఒక గౌరవనీయుల్ని పిలిచారు. ఆయన ఒక పెళ్ళికి వెళ్తే అప్పటికి ఆ పెళ్ళికూతురు పుట్టింటికి పురుడు పోసుకోవడానికి వచ్చి ఉందని చెప్పుకునేవారు. ఇంకేం భయం అనుకున్నాం.

ఆ రోజు ఉదయం హేమలత గారు గట్టు చివర నిలబడ్డారు. విజిల్ మోగింది. రత్నం దూకింది. నేను ఎన్నో పోటీలు చూశాను గాని ఆ పిల్ల అలా ఈదడం చూడలేదు. మొదటిసారి దానికి ఎంత దూరమో తెలుసు. ఎవరొస్తున్నారని నన్ను అడగలేదు.

సగం దూరం దాటిందో లేదో, గేటు దగ్గర సైరన్ వినపడింది.

పక్క వీధిలో నగల కొట్టు ప్రారంభోత్సవం ఉందట. రాహుకాలం దాటాకే రిబ్బను కత్తిరించాలని కొట్టు యజమాని పట్టుబట్టాడట. ఈలోపు ఏం చెయ్యాలో తోచక గౌరవనీయులు తిన్నగా మా దగ్గరకు వచ్చేశారు. చెప్పిన వేళకన్నా అరగంట ముందు. మా పట్నంలో ఇలాంటిది ఎవరి అనుభవంలోనూ లేదు, ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు లేరు.

విశ్వపతి గారికి ఆనందమూ, కంగారూ ఒక్కసారే వచ్చాయి. ఆయన మంచివారే. రత్నం గెలిస్తే ఆయనకూ ఇష్టమే. కాని అతిథి ఎదురుగా ఉంటే ఆయన చేతులు వాటంతటవే చాచుకుంటాయి. “దండ, దండ” అన్నారు.

దండ పళ్ళెంలో లేదు.

అందరం వెతికాం. కుర్చీల కింద, మైకు పెట్టె వెనక. పొద్దున్నే బంతిపూల దండ వచ్చిందని, ఎండకు వాడిపోతుందని తడిగుడ్డలో చుట్టి దాచమని అప్పయమ్మకు ఇచ్చామని అప్పుడు గుర్తొచ్చింది. విశ్వపతి గారు నన్ను పరిగెత్తించారు.

అప్పయమ్మ బండి దగ్గర స్టూలు మీద కదలకుండా కూర్చుని ఉంది. పక్కన ఇడ్లీ పాత్ర, పొయ్యి మీద లేదు, కింద ఉంది. మూత సరిగ్గా పడలేదు. సందులోంచి ఒక బంతిపువ్వు బయటకు చూస్తోంది.

“దండేదమ్మా?” అన్నాను.

“వస్తది బాబూ” అంది. నా కళ్ళలోకే చూస్తూ అంది. “పిల్ల ఇంకా వస్తందిగా.”

నేను బంతిపువ్వును చూశాను. కొలను వైపు చూశాను. వెనక్కి వచ్చి మైకు తీసుకున్నాను. “పుష్పమాల దారిలో ఉన్నది” అని ప్రకటించాను. ఇడ్లీ బండి ఉండేది దారిలోనే కాబట్టి నేను అబద్ధం ఆడానని ఎవరూ అనలేరు.

గౌరవనీయులు అప్పటికే గట్టు మీదకు వచ్చేశారు. పొట్టిగా, నిండుగా, తెల్లచొక్కాలో నవ్వుతూ ఉన్నారు. “వచ్చానయ్యా” అన్నారు.

విశ్వపతి గారు రెండు చేతులూ జోడించారు. ఆయన జీవితంలో అంత పెద్ద పరీక్ష రాలేదు. గోడ మీదున్న నిబంధన వైపు ఒకసారి, అతిథి ఖాళీ మెడ వైపు ఒకసారి చూశారు.

“తమరు ఇంకా రాలేదండి” అన్నారు.

“అదేంటయ్యా, ఎదురుగా ఉన్నాను కదా.”

“చిత్తం. ఉన్నారండి. కాని రాలేదండి.” గోడ చూపించారు.

గౌరవనీయులు పెదాలు కదుపుతూ చదివారు. ఆయన శాసనాలు చేసే మనిషి, రూలు చూస్తే ఎవరైనా తగ్గాల్సిందే. “అయితే నేనిప్పుడు ఎక్కడున్నట్టు?”

“దారిలో ఉన్నట్టండి.”

“పోనీ కూర్చోవచ్చా?”

విశ్వపతి గారికి కన్నీళ్ళొక్కటే తక్కువ. “రాని అతిథిని ఆసనం మీద కూర్చోబెట్టే అధికారం నాకు లేదండి. క్షమించాలి.”

అలా గౌరవనీయులు నిలబడిపోయారు. ఆయన వెంట వచ్చినవాళ్ళూ నిలబడ్డారు. ప్రసంగం లేదు, శాలువా లేదు, ఫోను కారులో ఉండిపోయింది. చూడ్డానికి వేరే ఏదీ లేక ఆయన నీళ్ళ వైపు చూశారు. ఇన్నేళ్ళుగా ఎన్నో పోటీలు ముగించారు గాని ఒక్కటీ చూసి ఎరగరట, తర్వాత తనే చెప్పారు.

“ఈ పిల్ల ఎందుకలా ఈదుతోంది?” అని హేమలత గారిని అడిగారు.

“పదిహేను వందల మీటర్లండి. ఇంకో పన్నెండు ల్యాపులున్నాయి.”

“ఒక్కతేనా? ఆగదా?”

“ఆగదండి.”

ఆయన గట్టు అంచుకు జరిగారు. రత్నం ఇటు వచ్చి తిరిగింది. ఆయన పంచె మీద నీళ్ళు పడ్డాయి, దులుపుకోలేదు. ఇంకోసారి వచ్చి తిరిగింది. ఈసారి ఆయన వేలు మడిచారు. లెక్కపెడుతున్నారని నాకు అప్పుడు అర్థమైంది.

విశ్వపతి గారు గేటు వైపు చూస్తూ, “ఆ దండ కాస్త త్వరగా” అని నా చెవిలో గొణిగారు.

గౌరవనీయులు తల తిప్పకుండానే, “మెల్లగా తెమ్మనవయ్యా” అన్నారు.

మైకు చేతిలో పెట్టుకుని నేను నోరు మూసుకున్నది అదే మొదలు. చివరి ల్యాపులో పిల్ల చేతులు బరువెక్కాయి, మొహం పక్కకు తిప్పినప్పుడల్లా నోరు తెరుచుకుని కనపడింది. గోడ ముట్టుకుంది. హేమలత గారి బొటనవేలు పడింది. ఆవిడ వాచీ చూసి, మళ్ళీ చూసి, కళ్ళు తుడుచుకుంది.

రత్నం మాత్రం ఆగలేదు. గట్టు మీద దండ కనపడలేదు గదా, అలవాటుగా తిరిగి మళ్ళీ పోయింది.

అప్పుడు వచ్చింది అప్పయమ్మ, రెండు చేతులతో దండ పట్టుకుని, ఏమాత్రం తొందర లేకుండా. విశ్వపతి గారు దాన్ని లాక్కున్నంత పని చేసి గౌరవనీయుల మెడలో వేశారు. దండ ఇడ్లీ ఆవిరి వాసన కొట్టింది. ఆయన వాసన చూసి అప్పయమ్మ వైపు చూశారు. పోటీ అధికారికంగా ముగిసింది. ప్రసంగంలో ఆయన రెండే మాటలు మాట్లాడి కూర్చున్నారు.

తర్వాతి సమావేశంలో దండను ఇకపై కార్యదర్శి స్వయంగా తన దగ్గరే ఉంచుకోవాలని తీర్మానం చేశాం. నేను చెయ్యెత్తాను. నిబంధన మాత్రం అలాగే ఉంది, తీసెయ్యాలంటే సభ పెట్టాలి, సభంటే అతిథిని పిలవాలి.

రత్నం శిబిరానికి వెళ్ళింది. ఆ చలికాలం ఎక్కడో ఉత్తరాదిన జాతీయ పోటీలు. సాయంత్రం నేనూ విశ్వపతి గారూ బండి దగ్గర ఇడ్లీ తింటుంటే అప్పయమ్మ ఫోను మోగింది. చేతులు పిండిలో ఉన్నాయని స్పీకరు పెట్టమంది. పెట్టాను.

“అమ్మా, అయిపోయిందే.”

“ఎవరొచ్చారే?” అంది అప్పయమ్మ.

“ఎవురూ రాలేదే. నేను చూసుకోక ఇంకో రెండు ల్యాపులు తిరిగేశాను. ఒకాయన గట్టెంట పరిగెత్తుకుంటా వచ్చి ఆపాడు. ఇక్కడ దూరం అయిపోతే ఆపేయొచ్చంటమ్మా.”

విశ్వపతి గారు ఇడ్లీ ముక్క చేతిలోనే ఉంచుకుని, “నిర్వహణ లోపం” అన్నారు మెల్లగా.

“మరి దండో?” అంది అప్పయమ్మ. “దండెయ్యకుండా ఎలా అయిపోద్దే?”

“దండ కాదే, పతకం. రిబ్బనుకి కట్టి మెళ్ళో వేశారు.”

“ఎవరి మెళ్ళో?”

అవతల పతకం ఫోనుకు తగిలి టింగుమంది. పిల్ల కూడా అప్పుడే తెలుసుకున్నట్టుంది.

“నా మెళ్ళోనే అమ్మా.”